నాలుగో అగతి: న్యాయాధికారి తెలియనితనం దోషమా?

యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయం ఇంకా మొదటి శ్లోకాలు దాటకముందే సభ్యుల దోషాన్ని ప్రస్తావించింది. సభ్యులంటే న్యాయసభలో కూర్చొని తీర్పు చెప్పేవారు. రాగం వల్లగాని, లోభం వల్లగాని, భయం వల్లగాని స్మృతికి విరుద్ధంగా వ్యవహరించిన సభ్యులు ఒక్కొక్కరూ విడివిడిగా, వివాదంలో ఓడినవానికి పడే దండుగకు రెట్టింపు చెల్లించాలన్నది అక్కడి విధి. పశ్చిమ చాళుక్య విక్రమాదిత్యుని కాలంలో కల్యాణంలో ఉండి మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుడు ఈ విధికి ఒక హద్దు గీశాడు. రాగలోభభయాలను పేరు పెట్టి చెప్పినందున ఆ మూడింటి విషయంలోనే రెట్టింపు దండుగ. అజ్ఞానం, మోహం మొదలైన వాటి వల్ల తప్పిన తీర్పుకు అది వర్తించదు. 13వ శతాబ్దిలో కేతన ఈ శాస్త్రాన్ని విజ్ఞానేశ్వరీయమనే పేర తెలుగు పద్యాలలోకి తెచ్చాడు గనుక, తెలుగువారి ధర్మశాస్త్ర పరిచయం చాలావరకు ఈ వ్యాఖ్యాన మార్గానే సాగింది.

వినయపిటకం లెక్క వేరు. అందులో అగతులు నాలుగు: ఛందం, ద్వేషం, భయం, మోహం. అగతి అంటే పోకూడని దారి. దీఘనికాయంలోని సిగాలోవాద సుత్తం గృహస్థులకు కూడా ఈ నాలుగింటినే చెప్పింది. సంఘంలో శయనాసనాలు పంచేవాడు, భోజనపు వంతులు ఏర్పాటు చేసేవాడు, చీవరాలు భద్రపరచేవాడు, వివాదంలో శలాకలు సేకరించేవాడు, వీరెవరినైనా నియమించే ముందు చూడవలసినవి ఐదు అర్హతలు. నాలుగు అగతులలో దేనికీ లోబడకపోవడం నాలుగు; తన పనిలో ఏది జరిగినదో ఏది జరగలేదో తెలిసి ఉండడం ఐదోది. ఛందాన్ని రాగలోభాలతో సరిపోల్చవచ్చు. భయం రెండింటిలోనూ ఉన్నది. ద్వేషం యాజ్ఞవల్క్యుని జాబితాలో లేదు. మోహాన్ని మితాక్షర ఆ దండుగ పరిధి నుంచి తప్పించగా వినయం దానిని లంచగొండితనం పక్కనే కూర్చోబెట్టింది.

ఈ భేదాన్ని మాటల భేదంగా తీసివేయడానికి వీలులేదు. లంచం తిని నిరపరాధిని చెరలో వేసినా, సాక్షిని అడగవలసిన ప్రశ్న అడగక వేసినా చెరలో ఉన్నవానికి తేడా ఏమీ ఉండదు. తేడా వేసినవాని విషయంలోనే. అతని మనస్సును చూసి దోషం నిర్ణయించాలా, అతని పనిని చూసి నిర్ణయించాలా అన్న ప్రశ్నకు ప్రాచీన భారతదేశంలోని న్యాయవ్యవస్థలు ఒకే సమాధానం ఇవ్వలేదు.

బౌద్ధ వాఙ్మయంలో రాజన్యాయస్థానం గురించిన మొదటి ప్రసిద్ధ కథ న్యాయాధికారులకు గౌరవం తెచ్చేదే. జేతకుమారుని తోటను అనాథపిండికుడు అడిగాడు. కోట్ల ధనం నేలంతా పరచినా ఇవ్వనని కుమారుడు అన్నాడు. తోట కొన్నట్లేనని గృహపతి, కాదని కుమారుడు వాదించుకొని వోహారిక మహామాత్రుల దగ్గరకు వెళ్లారు. వెల చెప్పినందున తోట అమ్ముడైనట్లేనని వారు తేల్చారు. చుల్లవగ్గలో ఈ తీర్పు రెండు మూడు వాక్యాలలో ముగుస్తుంది. భార్హుత్ శిల్పి ధనం పరచడాన్ని చెక్కాడు గాని తీర్పును చెక్కలేదు. అయినా రాజవంశీకుడు ఒక పక్షంగాను, వర్తకుడు మరొక పక్షంగాను నిలిచినప్పుడు అధికారులు రాజవంశీకునికి వ్యతిరేకంగా చెప్పడం, ఆయన దానిని అంగీకరించడం కథలో సహజంగా సాగిపోయింది. జేతవన విహారానికి దానం పునాది అని అందరూ అంటారు. దానానికి ముందు ఒక తీర్పు ఉన్నదన్న సంగతి అంతగా గుర్తు చేసుకోరు.

అదే కోసలలో ప్రసేనజిత్తు అనుభవం వేరుగా ఉన్నది. సంయుత్త నికాయంలో ఆయన బుద్ధునితో చెప్పుకొన్న ఒక సంగతి ఉన్నది. న్యాయసభలో కూర్చొని చూడగా, సంపన్నులైన క్షత్రియ బ్రాహ్మణ గృహపతులు భోగాల కోసం తెలిసి తెలిసి అబద్ధమాడుతున్నారు. విసిగిపోయి ఇక ఈ పని తనకు వద్దని, మరొకరికి అప్పగించాలని అనుకొన్నాడు. ఆ మరొకరు విడూడభ సేనాపతి అని వ్యాఖ్యానం చెబుతుంది. సుత్తంలో అబద్ధమాడేవారు ధనిక వ్యాజ్యకర్తలు మాత్రమే. అట్ఠకథ వచ్చేసరికి లంచం ముందుగానే పుచ్చుకొని కూర్చొన్న అమాత్యులు కూడా చేరారు. రాజు మాత్రం రెండింటిలోనూ సభ నుంచి లేచిపోయాడు. భూమిని ఏలేవానికి విసుగు వస్తే మరొకరికి అప్పగించి పోవచ్చు. వ్యాజ్యంలో ఓడిన పేదవానికి ఆ వెసులుబాటు ఉండదు.

బంధుల మల్లుని కథ అక్కడి నుంచి మొదలవుతుంది. ధమ్మపద అట్ఠకథలోనూ, జాతక అట్ఠకథలోనూ ఉన్నది. తప్పుడు వ్యాజ్యంలో ఓడిపోయినవారు దారిన పోతున్న బంధుల సేనాపతిని చూసి గొల్లుమన్నారు. ఆయన న్యాయసభకు పోయి వివాదాన్ని తిరిగి విచారించి, సొత్తు ఎవరిదో వారికే ఇప్పించాడు. జనం చేసిన జయధ్వానం రాజు చెవిన పడింది. పాత అధికారులను తొలగించి న్యాయస్థానాన్ని బంధులునికి అప్పగించాడు. లంచాలు పోయినవారు ఊరుకోలేదు. బంధులుడు రాజ్యం కోరుతున్నాడని చాడీలు చెప్పారు. రాజు నమ్మి, సరిహద్దులో అలజడి అనే నెపంతో ఆయనను పంపి, తిరుగుదారిలో 32 మంది కొడుకులతో సహా చంపించాడు. విచారణ లేదు, సాక్షి లేడు, నిందితుణ్ణి పిలిచి అడగడం లేదు. అధికారులది ఛందాగతి, ద్వేషాగతి. రాజుది భయం; దాని అడుగున మోహం. బంధులుడు నిర్దోషి అని తరువాత తెలిసి పశ్చాత్తాపపడ్డ రాజు ఆయన మేనల్లుడు దీఘకారాయణుని సేనాపతిని చేశాడు. ఆ కారాయణుడే రాజచిహ్నాలను విడూడభునికి చేర్చి ప్రసేనజిత్తు పతనానికి కారకుడయ్యాడు. కథ ఇంతగా చెప్పినా, చాడీలు చెప్పిన పాత న్యాయాధికారులకు ఏ శిక్ష పడిందో చెప్పదు.

గణరాజ్యమైన వజ్జిలో మరొక పద్ధతి ఉండేదని సుమంగలవిలాసిని వర్ణించింది. దొంగ అని ఎవరినైనా పట్టి తెస్తే ముందు వినిచ్ఛయ మహామాత్రులు విచారిస్తారు. కాడని తేలితే అక్కడే వదిలేస్తారు. దొంగే అనిపిస్తే తామేమీ తీర్పు చెప్పక వోహారికులకు పంపుతారు. అక్కడ నుంచి సూత్రధరులు, అష్టకులికులు, సేనాపతి, ఉపరాజు, చివరకు రాజు. ప్రతి మెట్టు మీదా విడిచిపెట్టే అధికారం ఉన్నది; శిక్షించే అధికారం చివరి మెట్టు మీద మాత్రమే ఉన్నది. అక్కడ కూడా రాజు తన ఇష్టం వచ్చినట్లు కాక పవేణీ పొత్థకాన్ని, అనగా పూర్వ సంప్రదాయ గ్రంథాన్ని చదివించి దాని ప్రకారం దండన వేయాలి. ఈ ఏర్పాటులోని తెలివి స్పష్టం. ఒక అధికారి అజ్ఞానం వల్ల నిరపరాధి చిక్కుకొన్నా మరి ఆరుగురి దగ్గర తప్పించుకొనే అవకాశం ఉన్నది. ఆ అజ్ఞానం వల్లనే అపరాధి తప్పించుకొంటే సరిదిద్దే మార్గం లేదు. ఆ నష్టానికి వజ్జి గణం సిద్ధపడినట్లే. అయితే ఈ వర్ణన క్రీస్తుశకం 5వ శతాబ్దికి చెందిన బుద్ధఘోషునిది. వజ్జి గణం మగధకు లొంగి అప్పటికి దాదాపు వేయి సంవత్సరాలు. పాత అట్ఠకథల ఆధారం ఉండవచ్చు గాని, దీనిని వైశాలి కార్యాలయ పత్రంగా చదవడం తొందరపాటు.

అర్థశాస్త్రం న్యాయాధికారి మనస్సు గురించి ఎక్కువ ఆలోచించలేదు. నమ్మకం లేకపోవడమే దాని పద్ధతి. ముగ్గురు ధర్మస్థులు, ముగ్గురు అమాత్యులు కలిసి కూర్చోవాలని మూడో అధికరణం మొదట్లోనే చెప్పింది. ధర్మోపధ అనే పరీక్షలో నెగ్గినవారినే న్యాయస్థానాలలో నియమించాలి. నియమించిన తరువాత కూడా గూఢచారిని పంపి, నేరారోపణకు గురైన ఫలానావాడు తన బంధువని, ధనం తీసుకొని గండం గట్టెక్కించమని అడిగించాలి. తీసుకొంటే దేశం నుంచి వెళ్లగొట్టాలి. ఇదంతా లోభం గురించినది. నాలుగో అధికరణం తొమ్మిదో అధ్యాయంలో ఉన్నది మరొక రకం. వాదిని బెదిరించినా, గద్దించినా, బయటకు గెంటినా, నోరెత్తనీయకపోయినా ధర్మస్థునికి పూర్వసాహస దండం. అడగవలసినది అడగకపోయినా, అడగకూడనిది అడిగినా, అడిగి వదిలేసినా, జవాబు అందించినా మధ్యమసాహసం. పనిలేని కాలయాపన చేసినా, అలసిపోయేలా తిప్పి పక్షాలను పంపివేసినా ఉత్తమసాహసం. తిరిగి అదే అపరాధం చేస్తే రెట్టింపు దండం, ఉద్యోగచ్యుతి. చెప్పినది రాయని, చెప్పనిది రాసిన లేఖకునికి కూడా దండన ఉన్నది. ఎందుకు అడగలేదు అన్న ప్రశ్న ఇక్కడ లేదు, అడగలేదు, అంతే. ఉద్దేశాన్ని పక్కనపెట్టి పనిని కొలవడం వల్ల, మోహం అనే పేరు ఎత్తకుండానే ఈ గ్రంథం మోహాన్ని దండించగలిగింది. స్మృతులు మనస్సును చూసి వదిలిపెట్టినదానిని కౌటిల్యం పనిని చూసి పట్టుకొన్నది. పక్షాల వర్ణాన్ని బట్టి దండన మారడాన్ని మాత్రం అది కూడా ఎక్కడా ప్రశ్నించలేదు.

భయానికి ఉత్తమోదాహరణ చరిత్రలో కాక నాటకంలో ఉన్నది. శూద్రకుని మృచ్ఛకటికం తొమ్మిదో అంకంలో అధికరణికుడు మంచివాడు, చదువుకొన్నవాడు. రాజశ్యాలుడైన శకారుని వ్యాజ్యం ఈ రోజు విననని మొదట కబురు పంపుతాడు. రాజుతో చెప్పి ఉద్యోగం ఊడగొట్టిస్తానని శకారుడు అనగానే వినడానికి ఒప్పుకొంటాడు. చారుదత్తుడు హంతకుడని ఆయన మనస్సు నమ్మదు. కాని నగలు బయటపడ్డాయి, తోటలో స్త్రీ కళేబరం కనిపించింది. బ్రాహ్మణుడు గనుక చంపరాదని, ఆస్తితో సహా దేశం నుంచి పంపవచ్చని రాజుకు నివేదిస్తాడు. పాలకుడు కొరత వేయమంటాడు. ఆ కళేబరం ఎవరిదో తేల్చే ప్రయత్నం సభలో జరగదు. వసంతసేన బతికే ఉన్నదన్న నిజం వధ్యస్థానానికి చేరినది న్యాయస్థానం ద్వారా కాదు, ఒక బౌద్ధ భిక్షువు ద్వారా. పూర్వాశ్రమంలో ఆయన ఒళ్లు పట్టే సంవాహకుడు. నాటకాంతంలో ఆ భిక్షువుకు విహారాల మీద ఆధిపత్యం దక్కింది, రాజు మారాడు, అధికరణికుని ప్రస్తావన మళ్లీ రాలేదు.

అశోకుని ప్రత్యేక శాసనాలు ఈ చర్చలో అన్నింటికంటె విలువైనవి. కారణం, అవి వర్ణన కావు. రాజు తన న్యాయాధికారులకు నేరుగా పంపిన ఆదేశాలు. భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ, 1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం జిల్లాలోని జౌగడలోనూ, కళింగయుద్ధాన్ని వర్ణించే 13వ శాసనం ఉండవలసిన స్థలంలో ఇవి ఉన్నాయి. జయించిన జనానికి వధను వర్ణించి చెప్పడం కంటె చెరసాల సంగతి చెప్పడం అవసరమని రాజు భావించినట్లున్నది. కర్ణాటకలోని సన్నతిలో కూడా ఇవి బయటపడ్డాయి. మొదటి ప్రత్యేక శాసనం తోసలిలోనూ, సమాపాలోనూ ఉన్న నగర వ్యావహారిక మహామాత్రులను ఉద్దేశించినది. ఎవరో ఒకడు కారణం లేకుండా బంధనానికి, యాతనకు గురవుతున్నాడని, దానితో మరెందరో బాధపడుతున్నారని రాజు గుర్తించాడు. మధ్యస్థంగా నడవడానికి అడ్డువచ్చే గుణాలను ఏడింటిని పేర్కొన్నాడు: అసూయ, తొందరగా వచ్చే కోపం, నైష్ఠుర్యం, త్వర, పనిలో అభ్యాసం లేకపోవడం, సోమరితనం, అలసట.

ఈ ఏడింటిలో లంచం లేదు. లోభం లేదు. భయమూ లేదు. మొదటి మూడింటిని ద్వేషాగతిలో చేర్చవచ్చు. మిగిలిన నాలుగూ చెడ్డవాని గుణాలు కావు. పొద్దుటి నుంచి వ్యాజ్యాలు విని అలసినవాడు, పని ఇంకా పూర్తిగా పట్టుబడనివాడు, సాయంత్రానికి ముగించాలని త్వరపడేవాడు ఏ న్యాయస్థానంలోనైనా ఉంటాడు. అతని చేతిలోనే కారణం లేని బంధనం జరుగుతుందని అశోకుడు గ్రహించాడు. మితాక్షర తరువాతి కాలంలో ఏ దోషాన్ని తేలికగా చూసిందో సరిగా ఆ దోషమే ఈ శాసనపు విషయం. పరిహారంగా రాజు విధించినది దండుగ కాదు. శాసనాన్ని తిష్య నక్షత్ర దినాలలో చదివించాలి. వినేవాడు ఒక్కడే ఉన్నా చదివించాలి. పరుషులు కాని మహామాత్రులను ఐదేళ్లకొకసారి పర్యటనకు పంపుతాడు. ఉజ్జయిని కుమారుడు మూడేళ్లు దాటకుండా పంపాలి. తక్షశిల నుంచి కూడా అట్లాగే. తప్పు చేసిన అధికారికి ఏమవుతుందో శాసనంలో సూటిగా లేదు. రాజు ఋణం తీరదని, స్వర్గం అందదని మాత్రం హెచ్చరిక ఉన్నది.

కర్నూలు జిల్లా ఎర్రగుడి లఘుశాసనంలో రజ్జుకులు కనిపిస్తారు. భేరి మోగించి జనపదానికి రాజాజ్ఞ వినిపించడం అక్కడ వారి పని. పట్టాభిషేకం జరిగి 26 ఏళ్లు గడిచాక వేయించిన నాలుగో స్తంభశాసనంలో ఆ రజ్జుకులకే దండనలో స్వతంత్రాధికారం ఇచ్చాడు. నేర్పుగల దాదికి బిడ్డను అప్పగించి నిశ్చింతగా ఉన్నట్లు తాను ఉన్నానన్నాడు. వ్యవహారసమత, దండసమత ఉండాలని కోరాడు. ఈ సమత వర్ణభేదం లేకపోవడమా, ఒక్కొక్క రజ్జుకుడు ఒక్కొక్క తీరున తీర్చకుండా అంతటా ఒకే పద్ధతి ఉండడమా అన్న విషయంలో పండితులు ఏకీభవించలేదు. సందర్భాన్ని బట్టి చూస్తే రెండోది ఎక్కువ పొసగుతుంది. స్వతంత్రులైన అధికారులు పెరిగినకొద్దీ రాజుకు ముందు పుట్టే భయం అదే. మరణదండన పడినవానికి మూడు రోజుల గడువు ఇచ్చాడు. బంధువులు పునర్విచారణ కోరవచ్చు, ఎవరూ లేనివాడు పరలోకం కోసం దానమో ఉపవాసమో చేయవచ్చు. తీర్పు తప్పి ఉండవచ్చునన్న ఒప్పుకోలు ఇందులో ఉన్నది. ఆ ఒప్పుకోలు ఉండి కూడా మరణదండనను ఉంచాడన్న నిజమూ ఉన్నది.

ఇక సంఘం. తన న్యాయానికి నాలుగో అగతిని కొలతగా పెట్టుకొన్న సంఘాన్ని అదే కొలతతో చూడడం తగినదే. కుమారకస్సపుని తల్లి కథ అందరికీ తెలిసినదే. తాను గర్భవతినని తెలియక ప్రవ్రజ్య పుచ్చుకొన్న ఆమెను, లక్షణాలు కనిపించగానే, దేవదత్తుడు బహిష్కరించమన్నాడు. తన పక్షానికి అపకీర్తి వస్తుందన్న భయం ఒకటి, విచారించకపోవడం మరొకటి. ఆమె బుద్ధుని ఆశ్రయించగా ఆయన తానే తేల్చక ఉపాలికి అప్పగించాడు. రాజు, ఉపాసకులు చూస్తుండగా ఉపాలి తనకు తెలియని విషయాన్ని తెలిసిన విశాఖకు వదిలాడు. తెర వెనుక ఆమె నెలలు, రోజులు లెక్కగట్టి గర్భం గృహస్థ జీవితం నాటిదని చెప్పింది. తన తెలియనితనాన్ని గుర్తించి తెలిసినవారిని పిలవడంలోనే ఉపాలి మోహాగతిని తప్పించుకొన్నాడు.

యేభుయ్యసికా, అనగా అధిక సంఖ్యాక నిర్ణయం, ఇంత తేలిక కాదు. శలాకలను రహస్యంగాను, చెవిలో చెప్పిగాను, బహిరంగంగాను సేకరించవచ్చు. రహస్య పద్ధతిలో అధర్మవాదుల శలాకలు ఎక్కువని తోస్తే, సరిగా తీసుకోలేదని చెప్పి వాటిని తోసిపుచ్చే అధికారం సేకరించేవానికి చుల్లవగ్గ ఇచ్చింది. ఎవరు అధర్మవాదులో నిర్ణయించేవాడు అతడే. ఇంత అధికారం ఇచ్చిన తరువాత అతని మీద ఉన్న అదుపల్లా నియామకానికి ముందు చూసిన ఐదు గుణాలు మాత్రమే. అర్థశాస్త్రకారుడైతే అక్కడ ఒక గూఢచారిని పెట్టి ఉండేవాడు.

పరినిర్వాణానంతరం నూరేళ్లకు జరిగిందని చెప్పే వైశాలి సభలో పది వస్తువుల వివాదం తేలక ఉబ్బాహికా విధానంతో ఎనిమిది మందికి అప్పగించారు. తూర్పు భిక్షువుల నుంచి సబ్బకామి, సాళ్హ, ఖుజ్జసోభిత, వాసభగామికులు. పావేయ్యకుల నుంచి రేవత, సంభూత సాణవాసి, యశ, సుమనులు. సమసంఖ్యలో ఎన్నుకోవడం న్యాయంగానే కనిపిస్తుంది. కాని కాకండక పుత్రుడైన యశస్థవిరుడే ఈ వివాదాన్ని లేవనెత్తినవాడు. ఫిర్యాది తీర్పరులలో ఒకడయ్యాడు. మరొక పక్షం చేసినదీ తక్కువ కాదు. వైశాలి భిక్షువులు రేవతునికి పాత్రచీవరాలు తీసుకొనిపోయారు, ఆయన వద్దన్నాడు. శిష్యుడు ఉత్తరుడు బలవంతం మీద ఒక్క చీవరం పుచ్చుకొని వారి మాట గురువుతో చెప్పబోయాడు. రేవతుడు శిష్యుణ్ణి వెళ్లగొట్టాడు. సబ్బకామి సంగతి ఇంకా సూక్ష్మమైనది. ఏ పక్షం ధర్మవాది అని సంభూతుడు రాత్రివేళ ఏకాంతంలో అడిగితే, పావేయ్యకులే అనిపిస్తున్నదని ఆయన చెప్పాడు. ఈ వివాదంలో తనను నియమించవచ్చు గనుక అంతవరకు తన అభిప్రాయాన్ని బయటపెట్టనని కూడా అన్నాడు. అభిప్రాయం దాచడం నిష్పక్షపాతమా, అభిప్రాయం ఏర్పడిన తరువాత నియామకానికి ఒప్పుకోవడం పక్షపాతమా అన్నది వినయధరులు చర్చించదగిన ప్రశ్న. తీర్పు సారాంశంలో సరైనదే అనుకొన్నా, అది పుట్టిన తీరు ఇది.

వీటన్నిటికంటె కఠినమైనది దబ్బ మల్లపుత్రుని వ్యవహారం. అగతిలేనివాడని ఎంచి శయనాసనాలు పంచే పనికి నియమించిన ఆయన మీద మెత్తియ భుమ్మజకులు కక్షగట్టి, మెత్తియా భిక్షుణిచేత శీలదోషం మోపించారు. కలలోనైనా అట్టిది ఎరుగనని దబ్బుడు అన్నాడు. భిక్షుణిని బహిష్కరించారు. ఆమెది తప్పు కాదని, తామే ప్రేరేపించామని ఆ భిక్షువులు ఒప్పుకొన్నారు. నిరాధారంగా పారాజిక దోషం మోపడం సంఘాదిశేషమనే శిక్షాపదం ఆ సందర్భంలోనే ఏర్పడింది. ఆదికర్మికునికి ఆపత్తి లేదన్న సామాన్య నియమం వల్ల ప్రేరేపించినవారు సంఘంలో మిగిలారు; ప్రేరణకు లోబడినామె బయట మిగిలింది.

ఆమెను ఏ ఆధారం మీద బహిష్కరించారన్నది లంకలో పెద్ద వివాదమయింది. ఆమె సొంత ఒప్పుకోలు మీద అన్న మాటలు సుత్తంలో ఉన్నాయా, లేవా? ఉంటే దబ్బుని నిర్దోషిత్వం ఏమవుతుంది, లేకపోతే ఏమవుతుంది? అభయగిరివాసులు, మహావిహారవాసులు ఒకరి పాఠాన్ని మరొకరు ఈ తర్కంతోనే కొట్టివేశారు. భాతియ రాజు విని స్థవిరులను సమావేశపరచి, దీఘకారాయణుడనే బ్రాహ్మణ అమాత్యుని విచారించమన్నాడని సమంతపాసాదిక చెబుతుంది. కోసల సేనాపతి పేరూ ఇదే, మనిషి వేరు. ఈయన భాషాంతరాలలో నిపుణుడు. ముందు స్థవిరులు తమ సుత్తాన్ని చదవాలన్నాడు. రెండు పాఠాలూ విని మహావిహారం పక్షాన తీర్పు చెప్పాడు. ఆ తీర్పును గ్రంథస్థం చేసినది గెలిచిన పక్షపు అట్ఠకథ. ఓడిన పక్షపు వినయవ్యాఖ్యానం నేడు లభ్యం కాదు.